నడిస్తే నాకు హాయి, నాన్నకు నొప్పి

ఆర్టీసీలో కండక్టర్‌గా నాకు 22 ఏళ్ల సర్వీసు. కావలిలో ఇల్లు. కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరి పోయే పల్లెవెలుగులోనే ఎక్కువ కాలం చేశాను. పగలంతా నిలబడే పని. బస్సు ఊగుతుంటే సీటు కమ్మీకి నడుము ఆనించి, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టుకుని, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా రోజుకి ఎన్నిసార్లు తిరుగుతామో లెక్కుండదు. అంత చేసినా పగలు నా కాళ్ళు నన్ను ఏడిపించింది లేదు. సాయంత్రానికి బరువెక్కేవి, చీలమండల దగ్గర చెప్పు పట్టీ అచ్చు పడేది. అసలు బాధ మంచం ఎక్కాకే.

ఆ బాధ ఏంటో చెప్పడం నాకు చాలా ఏళ్లు చేతకాలేదు. డాక్టర్లు నొప్పా అంటే కాదనేదాన్ని, మంటా అంటే కాదనేదాన్ని, తిమ్మిరా అంటే ఏమో అనేదాన్ని. పిక్క లోపల, ఎముకకీ కండకీ మధ్య ఏదో పాకుతున్నట్టు ఉండేది. లోపల్నించి ఎవరో సన్నటి దారం పట్టి లాగుతున్నట్టు. కాలు కదిలించకపోతే ప్రాణం పోతుందేమో అన్నంత తహతహ. కదిలిస్తే ఒక నిమిషం హాయి, మళ్ళీ మొదలు. లేచి నడిస్తే పూర్తిగా పోయేది. అందుకని రాత్రి పదకొండు నుంచి రెండు దాకా మేడ మీద ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగేదాన్ని. తెల్లారుజామున కునుకు పట్టేసరికి ఫస్ట్ సర్వీసు డ్యూటీకి లేవాల్సిన టైమయ్యేది.

మా అత్తమ్మ పాతకాలం మనిషి. మంచం మీద నేను కాళ్ళు ఆడిస్తుంటే చూసి "కాళ్ళూపితే లచ్చిమి నిలవదు మే" అనేది. చిన్నప్పుడు మా అమ్మా అదే మాట అనేది. తెలుగిళ్ళలో ఆ మాట వినకుండా పెరిగిన పిల్లలు ఉండరు. ఆవిడ తప్పేమీ లేదు, కానీ ఆ మాట వల్ల నేను ఎన్నో రాత్రులు పళ్ళు బిగించి కాళ్ళు కదలకుండా పట్టుకుని పడుకునేదాన్ని. అలా పట్టుకుంటే ఇంకా పెరిగి, చివరికి ఒక్కసారిగా కాలు ఎగిరి పడేది. పక్కన మా ఆయన ఉలిక్కిపడి లేచేవారు. కొన్నాళ్ళకి ఆయన హాల్లో చాప వేసుకున్నారు.

నిజానికి ఇది నాకు మొదటిసారి వచ్చింది రెండో కాన్పు అప్పుడు. ఏడో నెల నుంచి ప్రసవం అయ్యేదాకా సరిగ్గా ఇదే. బిడ్డ పుట్టిన నెలలోపే మాయమైంది కాబట్టి మర్చిపోయాను. ఆ కాన్పులోనే ఎడమ కాలి మీద నీలం నరాలు మెలికలు తిరిగి పైకి తేలాయి. తర్వాత నిలబడే ఉద్యోగం వచ్చింది, అవి ఇంకా లావయ్యాయి. నలభై అయిదు దాటాక నెలసరి విపరీతంగా అవడం మొదలైంది, దాంతోపాటే రాత్రుళ్ళు కాళ్ళ తహతహ తిరిగొచ్చింది. ఈ మూడింటికీ సంబంధం ఉందని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయిదేళ్లు తిరిగాను. ఒకరు కాల్షియం తక్కువన్నారు, ఒకరు నడుము నరం నొక్కుకుందని బెల్టు రాశారు. బలానికని ఇంజెక్షన్లు చేయించుకున్నాను. ఒక డాక్టరు మానసికం అన్నారు, నిద్ర పట్టడానికని ఒక మాత్ర ఇచ్చారు. అది వేసుకున్న వారం రోజులూ కాళ్ళు పిచ్చెక్కినట్టు ఆడాయి. దిగులుకీ నిద్రకీ ఇచ్చే మాత్రల్లో కొన్ని, మత్తొచ్చే జలుబు మాత్రలు, వాంతులకి వాడే కొన్ని మందులు ఈ జబ్బుని రెచ్చగొడతాయని ఇప్పుడు తెలుసు. అలాంటివి వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్ని అడగండి. కానీ అడగడం మాత్రం మానకండి.

చివరికి మా డిపోలో అందరూ అన్నమాట ఒకటే: "అక్కా, నీకు రక్తం ఆడట్లేదు." కాలి మీద నరాలు కనబడుతున్నాయి కాబట్టి నాకూ అదే నిజమనిపించింది. పోయినేడాది, అంటే 2025 సంక్రాంతి తర్వాత, సెలవు పెట్టి నెల్లూరు పోయాను. నెల్లూరులో పొగతోట అంటే ఆసుపత్రుల పేట, మా జిల్లాలో ఎవరికి ఏమొచ్చినా అక్కడికే. అక్కడ ఒక ఎం.డి. డాక్టరమ్మ దగ్గర కూర్చుని, రక్తం ఆడట్లేదమ్మా అని మొదలుపెట్టాను. ఆవిడ నన్ను ఆపి అడిగిన మొదటి ప్రశ్న: "కూర్చున్నప్పుడు ఎక్కువా, నడిచేటప్పుడు ఎక్కువా?"

అయిదేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

కూర్చున్నప్పుడే అన్నాను. పొద్దునా రాత్రా అంది. రాత్రే అన్నాను. కదిలిస్తే తగ్గుతుందా? తగ్గుతుంది. కదిలించకుండా ఉండగలవా? ఉండలేను. అంతే, జబ్బు పేరు చెప్పేసింది. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. దీన్ని కనిపెట్టే స్కానింగ్ ఏదీ లేదట, ఈ నాలుగు జవాబులే పరీక్ష. రాత్రి పిక్క రాయిలా బిగిసి పట్టేసేది వేరే జబ్బు, షుగరు వాళ్ళకి అరికాళ్ళు మండేది ఇంకో జబ్బు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లాండు వైద్యుడు దీని గురించి రాశాడని, 1945లో స్వీడన్‌లో ఎక్‌బమ్ అనే డాక్టరు దీనికి పేరు పెట్టాడని ఇంటికొచ్చాక మా అబ్బాయి చదివి చెప్పాడు. అన్నేళ్ల కిందటే ఎవరో ఒక డాక్టరు ఈ బాధని నమ్మి కాగితం మీద పెట్టాడని వింటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత నన్ను నిలబెట్టి కాళ్ళు చూసింది. చీలమండ లోపలి వైపు చర్మం కొంచెం నల్లబడి ఉంది, అది నేను ఎండకనుకున్నాను. పడుకోబెట్టి పాదం పైన, చీలమండ వెనక వేళ్ళు పెట్టి నాడి చూసింది. ఆ చివరి పని విలువ నాకు ఆ రోజు తెలియలేదు. నాన్న విషయంలో తెలిసొచ్చింది, అది తర్వాత రాస్తాను.

డాక్టరమ్మ చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. నాకున్నవి రెండు సమస్యలు. ఒకటి సిరలది. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చేవి ధమనులు, కాలి నుంచి గుండెకి తిరిగి తీసుకెళ్ళేవి సిరలు. సిరల్లో రక్తం కింద నుంచి పైకి ఎక్కాలి. దాన్ని పైకి నెట్టేది పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగిసి సిరని పిండుతుంది, లోపలి కవాటాలు రక్తం కిందికి జారకుండా తలుపుల్లా మూసుకుంటాయి. కాన్పులు, ఏళ్ల తరబడి నిలబడటం, మా వంశంలో ఉండటం, అన్నీ కలిసి నా ఎడమ కాల్లో ఆ తలుపులు వదులయ్యాయి. డాప్లర్ స్కానింగ్‌లో రక్తం వెనక్కి జారడం తెర మీద రంగుల్లో నాకే చూపించారు. రెండోది ఈ తహతహ. అది సిరలతో పుట్టింది కాదు, మెదడులో డోపమైన్ అనే రసాయనం పని తీరుతో, ఒంట్లో ఇనుముతో ముడిపడినది. సిరల జబ్బున్న కాళ్ళలో ఇది తరచుగా కనబడుతుంది, ఒకదాన్ని ఒకటి పెంచుతుంది కూడా. కానీ రక్తం ఆడకపోవడం అనే ఒక్క మాటతో రెండింటినీ కట్టేస్తే సగం వైద్యమే జరుగుతుంది.

మిగతా సగం రక్త పరీక్షలో బయటపడింది. నా హిమోగ్లోబిన్ 11.4. "పెద్ద తక్కువేం కాదు" అని ఇదివరకు అందరూ వదిలేసిన అంకె. ఈసారి ఫెరిటిన్ కూడా రాశారు, అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము. అది 13 వచ్చింది. ఈ జబ్బున్నవాళ్ళకి అది 75 దాటాలట. నెలనెలా పోతున్న రక్తమే దీనికి కారణమని లేడీ డాక్టర్ దగ్గరికి పంపారు, గర్భసంచిలో గడ్డలు బయటపడ్డాయి, దానికి వేరే వైద్యం నడిచింది. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసంతో వేసుకోమన్నారు. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వద్దన్నారు. మల విసర్జన నల్లగా అవుతుంది, భయపడొద్దన్నారు. ఫెరిటిన్ చూడకుండా ఎవరికి వాళ్ళు ఐరన్ మింగడం మంచిది కాదు, ఇనుము ఎక్కువైనా లివరుకి ప్రమాదమే.

టీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కండక్టర్లకి ప్రతి స్టేజీలో ఒక టీ అలవాటు. నేను రోజుకి ఏడెనిమిది తాగేదాన్ని, రాత్రి ట్రిప్పు దిగాక ఇంకోటి. మధ్యాహ్నం తర్వాత మానేయమన్నారు. మొదటి వారం తల పగిలిపోయింది. కానీ అన్నిట్లోకీ ముందు తేడా కనబడింది దీనితోనే.

సిరలకి క్లాస్ 2 సాక్సులు రాశారు. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి ఉంచేవి, 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడివి. పొద్దున మంచం దిగకముందే, కాళ్ళు వాచకముందే తొడగాలి, రాత్రి పడుకునేముందు తీసెయ్యాలి. మా నెల్లూరు జిల్లా మే నెల ఎండలో, కిక్కిరిసిన పల్లెవెలుగులో, యూనిఫాం కింద అవి వేసుకుని ఉండటం ఎంత కష్టమో వేసుకున్నవాళ్ళకే తెలుసు. రెండు జతలు కొని ఉతికి మార్చి వేసుకుంటాను. సాయంత్రం చెప్పు అచ్చు పడకపోవడం చూసినప్పుడు ఆ ఉక్కపోత భరించవచ్చనిపించింది.

ఇక వ్యాయామం. నిలబడి నిలబడి వచ్చిన జబ్బుకి మళ్ళీ కాళ్ళతో కసరత్తు ఏంటని మా ఆయన అడిగారు, నాకూ అదే అనుమానం. తేడా ఏంటంటే, కదలకుండా నిలబడితే పిక్క పంపు ఆగిపోతుంది, నడిస్తే పనిచేస్తుంది. అందుకని మొదట నేర్పింది బస్సులోనే చేసుకునేది. బస్సు ఆగినప్పుడు సీటు కమ్మీ పట్టుకుని మడమలు పైకెత్తి, మునివేళ్ళ మీద నిలబడి, మెల్లగా దించడం. మొదటి వారం పదేసి, తర్వాత ఇరవై అయిదు దాకా. రోజుకి నాలుగైదుసార్లు వింజమూరు స్టాండులోనో, కలిగిరిలోనో అయిపోయేవి. ఇంటికొచ్చాక గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆన్చి పిక్క సాగదీయడం, అర నిమిషం చొప్పున మూడేసి సార్లు. సాయంత్రం ఆరింటికి అరగంట నడక, జవహర్ భారతి కాలేజీ వైపు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలన్నారు.

నేను ఇక్కడే తొందరపడ్డాను. నడిస్తే తగ్గుతుంది కదా, ఎక్కువ నడిస్తే ఎక్కువ తగ్గుతుందని, రెండో వారంలో రాత్రి తొమ్మిదింటికి గంటన్నర గబగబా నడిచి, వచ్చి మేడ మెట్లు ఎక్కి దిగాను. ఆ రాత్రి కాళ్ళు తెల్లవార్లూ నన్ను నిద్రపోనివ్వలేదు. పడుకునేముందు ఒంటిని అలా దంచుకుంటే ఈ జబ్బు ఎక్కువవుతుందట. డాక్టరమ్మ ఫోన్లో ఒకటే చెప్పింది: "ఇది కూడా మందే అనుకో. డోసు దాటొద్దు, టైము తప్పొద్దు." ఆ తర్వాత రాత్రి ఏడున్నర దాటితే సాగదీయడం తప్ప ఏమీ చేయను.

ఇంకో చిక్కు ఎవరూ ముందుగా చెప్పలేదు. సిరల కోసం కాళ్ళు గుండె కంటే ఎత్తున పెట్టి పావుగంట పడుకోమన్నారు. కాళ్ళు అలా ఊరికే పెట్టి పడుకుంటేనే కదా నాకు తహతహ మొదలయ్యేది! ఒక జబ్బుకి మందు, ఇంకో జబ్బుకి అగ్గి. చివరికి నాకు నేనే దారి చేసుకున్నాను. సాయంత్రం కాకుండా మధ్యాహ్నం డ్యూటీ మధ్య విరామంలో కాళ్ళు ఎత్తి పెడతాను, పెట్టినంతసేపూ పాదాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉంటాను. రెండూ కుదిరాయి. డాక్టరమ్మకి చెబితే అదే సరైన పని అంది. ఆదివారం వీలైతే తుమ్మలపెంట సముద్రం ఒడ్డున తడి ఇసుకలో నడుస్తాను. దాని వల్ల ఎంత లాభమో నాకు తెలియదు గానీ ఆ రాత్రి నాకు మంచి నిద్ర పడుతుంది.

మూడు నెలలకి ఫెరిటిన్ 38కి వచ్చింది. వారానికి ఏడు రాత్రులు తిరిగేదాన్ని రెండు రాత్రులకి వచ్చాను. ఆ సంతోషంలోనే పెద్ద తప్పు చేశాను.

మా పుట్టిల్లు ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర. నాన్న పొగాకు రైతు, వయసు 76. పదహారో ఏట నుంచి చుట్ట. పదేళ్లుగా షుగరు. రెండేళ్లుగా ఆయనకి నడిస్తే కుడి పిక్క పట్టేసేది. ఇంటి నుంచి రామాలయం దాకా కూడా పోలేక మధ్యలో కరెంటు స్తంభం పట్టుకుని నిలబడేవారు. రెండు నిమిషాలు ఆగితే పోయేది, మళ్ళీ నడిచేవారు. రాత్రి కాళ్ళు ఆడిస్తూ ఉండేవారు కూడా. ఊళ్ళో అందరూ అన్నదీ అదే మాట: "పెద్దాయనకి రక్తం ఆడట్లా." నాకు నయమైంది కదా అని నా సాక్సులు ఒక జత తీసుకెళ్ళి, నా చేతులతోనే ఆయన కాళ్ళకి తొడిగాను. రోజూ పొద్దున వేసుకోమని, సాయంత్రం నడవమని చెప్పి వచ్చాను.

నాలుగో రోజు రాత్రి ఫోన్. "అమ్మాయ్, కాలు మంచం మీద పెట్టలేకపోతున్నా. కిందికి వేలాడేస్తేనే కాస్త ఊపిరి." తమ్ముడు సాక్సు విప్పితే వేళ్ళు నీలంగా, చల్లగా ఉన్నాయి. తెల్లారేసరికి ఒంగోలు తీసుకెళ్ళాం. అక్కడ రక్తనాళాల సర్జన్ పాదం మీద వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికారు. నాడి దొరకలేదు. చీలమండ దగ్గర బి.పి. చూసి, చేతి బి.పి.తో భాగించారు. మామూలు మనిషికి అది 1 లేదా కొంచెం పైన ఉంటుంది, 0.9 లేదా అంతకంటే తక్కువుంటే కాలి ధమనులు పూడుకున్నట్టు. నాన్న కుడి కాలికి 0.58. షుగరు వాళ్ళలో నాళాలు గట్టిపడి ఈ అంకె ఒక్కోసారి ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుందని డాప్లర్ కూడా చేశారు.

నాకు పైకి పోవాల్సిన రక్తం పోవట్లేదు, నాన్నకి కిందికి రావాల్సిన రక్తమే రావట్లేదు. కిందికి అరకొరగా వస్తున్న రక్తాన్ని నేను బిగుతు సాక్సుతో ఇంకా నొక్కిపెట్టాను. సర్జన్ గారు నన్ను కోప్పడలేదు, తెలియక చేశావమ్మా అన్నారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాకు సాక్సులు రాసేముందు డాక్టరమ్మ పాదం మీద నాడి ఎందుకు చూసిందో ఆ మెట్ల మీద అర్థమైంది. నడిస్తే నాకు హాయి, నాన్నకు నొప్పి. కాళ్ళు ఎత్తిపెడితే నా వాపు దిగుతుంది, ఆయనకి నొప్పి ఎక్కుతుంది. ఇంత ఎదురెదురుగా ఉన్న రెండు జబ్బుల్ని మేమందరం ఒకే మాటతో పిలిచాం. దయచేసి ఎవరూ ఇంకొకరి సాక్సులు వేసుకోకండి, వేయకండి.

నాన్నకి రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొవ్వు మాత్ర ఒకటి రాశారు. చుట్ట పూర్తిగా మానేయాలన్నారు. అదృష్టం కొద్దీ వేళ్ళ రంగు రెండు రోజుల్లో తిరిగొచ్చింది, పుండు పడలేదు, కాబట్టి ముందు నడకతో చూద్దామన్నారు. నొప్పి వచ్చే మనిషికి నడకే మందని విని నాన్న నమ్మలేదు. పద్ధతి వేరు. నొప్పి మొదలయ్యాక కూడా కొంచెం నడవాలి, గట్టిగా వచ్చేదాకా. అప్పుడు ఆగి, పూర్తిగా తగ్గేదాకా నిలబడాలి. మళ్ళీ నడవాలి. ఇలా ఆగుతూ నడుస్తూ మొత్తం అరగంట, తర్వాత ముప్పావుగంట, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. నా నడకలో నొప్పి రాకూడదు, వస్తే డాక్టర్‌కి చెప్పాలి. ఆయన నడకలో నొప్పి దాకా పోవాలి. పాదాలకి చెప్పులు లేకుండా పొలంలోకి పోవద్దు, రోజూ రాత్రి వేళ్ళ మధ్య చూసుకోవాలి, కాలు చల్లగా ఉందని వేడినీళ్ళ సంచి పెట్టొద్దు, స్పర్శ తక్కువ కాబట్టి కాలినా తెలియదు.

నాన్న కరెంటు స్తంభాలతో లెక్క పెట్టుకున్నారు. మొదట్లో ఆగకుండా రెండు స్తంభాలు. దసరాకి అయిదు. చుట్ట మాత్రం ఒకసారి మానేసి, వినాయక చవితి రోజు మళ్ళీ ముట్టించి, తమ్ముడు కాళ్ళ మీద పడితే మళ్ళీ మానేశారు. అరవై ఏళ్ల అలవాటు, పొగాకు ఎండబెట్టే బ్యారన్‌ల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆయన కష్టం నాకు తెలుసు. రాత్రి ఆయన కాళ్ళు ఆడించడం నా జబ్బు కాదని కూడా తేలింది, అది షుగరు వల్ల నరాలు దెబ్బతిని వచ్చే మంట.

ఒక్క విషయం మాత్రం ఎవరూ ఆలస్యం చేయొద్దు. ఒకే పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, మర్దన చేయకూడదు. పాదం ఒక్కసారిగా చల్లబడి తెల్లగానో నీలంగానో మారినా అంతే.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో అడుగు తీసి అడుగు వేసే చోటు ఉండట్లేదు. జీరో టికెట్టైనా కొట్టి ఇవ్వాల్సిందే కాబట్టి ఒకే చోట ఇరుక్కుని నిలబడాల్సి వస్తోంది, అటూ ఇటూ తిరగడం తగ్గింది. అక్టోబరులో ఎడమ కాలు మళ్ళీ వాచింది. ఎడమ సిరని లోపల నుంచి లేజర్‌తో మూసేయడం మంచిదని నెల్లూరులో చెప్పారు. వేసవి సెలవుల రద్దీ అయ్యాక జూన్‌లో చేయించుకుంటాను. ఫెరిటిన్ ఇప్పుడు 61. నెలకి మూడు నాలుగు రాత్రులు ఇంకా వస్తుంది, అప్పుడు లేచి మేడ మీద తిరిగి వస్తాను. మొన్న అలా తిరుగుతుంటే అత్తమ్మ కూడా కర్ర పట్టుకుని పైకొచ్చి, పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని, నేను పడుకోబోయేదాకా కూర్చుంది.